చుట్టల మధ్య సందు

జూన్ 3, మంగళవారం

మా రేసు కారుకి చెప్పిన క్యామ్ షాఫ్ట్ వచ్చింది. కొరియర్ అతనికి మా సందు దొరక్క మెయిన్ రోడ్డు మీద నిలబడి ఫోన్ మీద ఫోన్ చేశాడు. చివరికి నేనే చెప్పుల్లేకుండా పరిగెత్తాను. షెడ్డు ఇంత లోపల పెట్టుకున్నందుకు ఎవర్ని తిట్టాలో తెలియక అతన్నే తిట్టాను.

నూనె కాగితం విప్పి గుబ్బల మీద వేలు రాసి చూశాను. పాత క్యామ్ గుబ్బలు కోడిగుడ్డు వాటంగా ఉండేవి. వీటికి మూతి పొడుచుకొచ్చి ఉంది. వాల్వుని బుజ్జగించి లేపే రకం కాదు, తన్ని లేపే రకం. దీన్ని చేసి పంపిన క్యామ్ మేస్త్రి పనితనమే అంత. వాల్వు ఎంత ఎత్తు లేస్తుందో ఫోన్లో చెప్పాడు, రాసుకున్నాను.

"ఎత్తు ఎక్కువ నాయనా. వాల్వు పూర్తిగా లేచినప్పుడు స్ప్రింగు చుట్టల మధ్య సందు మిగలాలి. అది చూసుకో."

నాకు చెప్పాలా. సరే బాబాయ్ అని పెట్టేశాను.

సాయంత్రం చెల్లి వచ్చింది. రోజంతా డ్రైవింగ్ స్కూల్లో కొత్తవాళ్ళకి క్లచ్చులు, గేర్లు నేర్పి వచ్చిన మనిషి, అలసిపోయి ఉంటుందనుకుంటే క్యామ్ చూడగానే మొహం వెలిగింది. "ఇది పళ్ళ డాక్టర్ని దాటిస్తుందా?" అంది. పోయిన ఏడాది పోటీలో తిన్నటి రోడ్డు మీద ఆయన మా పక్కనుంచి చెయ్యూపుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ చెయ్యి మా ఇద్దరికీ ఇంకా కళ్ళముందే ఆడుతోంది.

"దాటిస్తుంది, నువ్వు గేర్లు సరిగ్గా వేస్తే," అన్నాను సరదాకి.

"ఇంజన్ నీది, స్టీరింగ్ నాది. నీ పని నువ్వు చూసుకో."

ఇంకో సంగతి. పచ్చ జట్టు వాళ్ళు ఈ సీజను మూడు పోటీలూ చూసి వచ్చే ఏడాదికి ఒక డ్రైవర్ని తీసుకుంటారట. వాళ్ళ మేనేజరమ్మ చెల్లికి స్వయంగా ఫోన్ చేసిందట. నిజమైన జట్టు, నిజమైన కారు, డ్రైవింగ్ స్కూలుకి దణ్ణం పెట్టి వచ్చేయొచ్చు. ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకుని, ఇంట్లోకి వెళ్ళి వాళ్ళ వదినకి తనే చెప్పేసింది.

జూన్ 6

కొలిచాను. క్యామ్, దానికని కొన్న కొత్త స్ప్రింగులు ఎక్కించి, ఇంజన్ చేత్తో తిప్పి, వాల్వు పూర్తిగా లేచిన చోట ఆపి, స్ప్రింగు చుట్టల మధ్య సందులు కొలిచే ఫీలర్ గేజ్ రేకు దూర్చాను. దూరింది. ఇటూ అటూ ఆడింది కూడా. అన్ని వాల్వులకీ అంతే.

సందు ఉంది. ఇక దీని గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

జూన్ 10

కొత్త రాకర్లు వచ్చాయి. ఎప్పుడో చెప్పి మర్చిపోయాను. కింద నుంచి క్యామ్ తోసిన తోపుని పైన వాల్వు మీదికి మళ్ళించే ఈ చేతులంటే నాకు మొదటినుంచీ ముచ్చట. పాతవి బండ ఇనుము. ఇవి నున్నగా, మూతికి చిన్న చక్రంతో, బీరువాలో దాచుకోవాలనిపించేటట్టు ఉన్నాయి. వాల్వుని పాతవాటికన్నా కాస్త ఎక్కువే తోస్తాయని అమ్మినాయన గొప్పగా చెప్పాడు. మంచిదేగా, ఎంత తెరిస్తే అంత గాలి. వేసేశాను. పాతవి డబ్బాలో పడేశాను.

కవరు మూసేముందు ఇంకోసారి కొలుద్దామా అనిపించింది. బయట చెల్లి హారన్ మోగిస్తోంది, ట్రాక్ దగ్గర కారు తనిఖీకి చూపించే టైమైపోతోందని. కొలిచిందే మళ్ళీ కొలిస్తే ఏమన్నా పెరుగుతుందా. మూసేశాను.

జూన్ 15, ఆదివారం

విరిగింది.

సగం పోటీ కూడా కాలేదు. తిన్నటి రోడ్డు మీద చెల్లి పళ్ళ డాక్టర్ని దాటింది. గోడ ఇవతల నిలబడి ఆ శబ్దం విన్నాను, ఒంటి మీద రోమాలు లేచాయి. మలుపు తిరిగి వచ్చేసరికి ఇంజన్ తుమ్ముతోంది. కారుని గడ్డిలోకి దింపి ఆపేసింది.

"గేరు తప్పావా?" అన్నాను. తను అప్పటికింకా హెల్మెట్ కూడా తీయలేదు.

"లేదన్నయ్యా."

"నాలుగు నుంచి మూడుకి రాబోయి ఒకటిలోకి తోశావేమో. అలా చేస్తే ఇంజన్ గొంతు చించుకుంటుంది. స్ప్రింగులు ఆగవు."

"లేదని చెప్తున్నాగా. నిండుగా లాగుతోంది, ఒక్కసారిగా టక్కుమంది. అంతే."

"ఊరికే ఎందుకు టక్కుమంటుంది?"

మీటరులో పెద్ద ముల్లు వెనక ఒక ఎర్ర ముల్లు ఉంటుంది, ఇంజన్ ఎంత గట్టిగా తిరిగిందో అక్కడే నిలిచిపోతుంది. అది చూస్తే తేలిపోయేది. మాది ఇరుక్కుపోయి ఎన్నాళ్ళో అయింది. బాగుచేయాలి బాగుచేయాలి అనుకుంటూనే ఉన్నాను.

కాంటీన్లో పళ్ళ డాక్టరు కాఫీ పట్టుకుని దగ్గరికొచ్చాడు. "ఏమైంది గురూ, భలే దూసుకొచ్చిందే?"

"ఏముంది డాక్టరు గారూ, గేరు తప్పింది," అన్నాను.

"డ్రైవింగ్ స్కూలు టీచరమ్మకే గేరు తప్పిందా? అయితే గేరమ్మ అనాలి," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఏడవలేక.

చెల్లి గేరు తప్పింది. ఇంకేం కాదు.

జూన్ 17

విప్పాను. ఒక స్ప్రింగు రెండు ముక్కలైంది. మిగతావి బాగానే ఉన్నాయి. చుట్టలు ఒకదానికొకటి ఎదురుగా ఉండే చోట మాత్రం నున్నగా మెరుస్తున్నాయి. కొత్త స్ప్రింగులు మెరవవా ఏంటి.

జూన్ 18

క్యామ్ మేస్త్రికి ఫోన్ చేశాను, స్ప్రింగులు అమ్మినవాణ్ణి ఇద్దరం కలిసి తిట్టుకోవచ్చని. ఆయన తిట్టలేదు.

"ఎత్తు చూసుకున్నావా?"

"చూశాను బాబాయ్. సందు కొలిచాను."

"రాకర్లు?"

"రాకర్లకేం, కొత్తవి. దుక్కల్లా ఉన్నాయి."

"కొత్తవంటే..." అని మొదలెట్టాడు. ఇక క్లాసు పీకుతాడని అర్థమైంది. సిగ్నల్ లేదని చెప్పి పెట్టేశాను.

జూన్ 20

భోజనాల దగ్గర మా ఆవిడ అడిగింది, అసలు స్ప్రింగు ఎందుకు విరుగుతుందని. ఈవిడకి ఇన్నాళ్ళకి ఇంజన్ మీద ఆసక్తి పుట్టింది. చెల్లి పంపిన ప్రశ్న అయ్యుంటుంది.

బాత్రూం తలుపు చూపించాను. "దాన్ని ఎవరన్నా తన్ని తెరిచారనుకో, పైనున్న స్ప్రింగు అంతే జోరుగా మూయాలి. మూయలేకపోతే తలుపు గాల్లో ఊగుతుంది. కొత్త క్యామ్ అలా తన్నే రకం. స్ప్రింగు అందుకోలేకపోతే వాల్వు తేలిపోతుంది, అప్పుడు స్ప్రింగు అదిరి అదిరి విరుగుతుంది."

"అయితే గట్టి స్ప్రింగు పెట్టండి."

"అదే చేస్తున్నా. కింద ఒక్కో వాషర్ కూడా వేసి ఇంకా బిగిస్తా."

"మరి తలుపు పోయి గోడకి గుద్దుకుంటే?"

"గోడ దాకా వెళ్ళదు. కొలిచాను."

"ఏమో, మన తలుపు గుద్దుకుంటోంది. పెచ్చు ఊడింది చూడండి," అంది. నిజంగానే గోడకి పెచ్చు ఊడింది. ఆ పని కూడా నా నెత్తినే పడింది.

జూన్ 22

గట్టి స్ప్రింగులు, వాషర్లు, అన్నీ వేశాను. చేత్తో ఇంజన్ తిప్పితే బరువుగా ఉంది. ఒక్కో చోట చెయ్యి ఆగిపోయినట్టే అయి, గట్టిగా తోస్తే వెళ్తోంది. గట్టి స్ప్రింగులు మరి. బరువుగా ఉండకపోతే అప్పుడు భయపడాలి.

చెల్లి పక్కన నిలబడి చూసింది. "వేలు పెట్టనివ్వకపోతే పోయె, మాటకైనా సందివ్వన్నయ్యా," అంది.

"ఏం మాట?"

"మళ్ళీ ఒకసారి కొలవచ్చుగా."

"నువ్వు నడపడం చూసుకో."

అప్పుడు ఇంకేదో అనబోయి ఊరుకుంది. ఊరుకోవడమే మంచిది.

జూన్ 29, ఆదివారం

రాయాలని లేదు.

మళ్ళీ అదే. ఈసారి సగం దాటింది. పళ్ళ డాక్టరు వెనకే ఉన్నాడు, ముందు చెల్లి ఉంది, నేను గోడ మీదకెక్కి కూర్చున్నాను. అంతలో ఇనప డబ్బాలో రాళ్ళు వేసి కొట్టిన చప్పుడు. క్యామ్ తోపుని రాకర్ దాకా మోసే పుష్ రాడ్ వంగిపోయింది, దానితో రాకర్ పక్కకి ఒరిగింది. చెల్లి హెల్మెట్ చేత్తో పట్టుకుని గడ్డిలో నడుచుకుంటూ వచ్చింది. ఆ నడక చూస్తే నాకు జాలి కలగలేదు, ఒళ్ళు మండింది. ఇన్ని రోజులు తల ప్రాణం తోకకి తెచ్చుకుని కట్టిన ఇంజన్.

"మళ్ళీ తప్పావు."

"తప్పలేదు."

"ఒకసారి స్ప్రింగు విరిగితే స్ప్రింగు తప్పు. రెండోసారీ అయితే నడిపేవాళ్ళదే. ఇంజన్ అబద్ధం చెప్పదు."

"ఇంజన్ ఏం చెప్పట్లేదన్నయ్యా. చెప్తున్నది నువ్వు."

అందరి ముందూ అంది. నేను కూడా అందరి ముందే అన్నాను, అది వేరే సంగతి. వెనక నుంచి ఎవరో "గేరమ్మా, క్లచ్చు నొక్కడం మర్చిపోయావా?" అన్నారు. చెల్లి అటు చూడలేదు. కారుని ట్రాలీ మీదికి ఎక్కించడానికి సాయం కూడా పట్టకుండా బస్సులో వెళ్ళిపోయింది.

చెల్లి గేరు తప్పింది. రెండుసార్లూ. తప్పకపోతే మరి ఏమిటి.

జూన్ 30

చెల్లికీ నాకూ మాటల్లేవు.

జూలై 2

పచ్చ జట్టు మేనేజరమ్మ నాకు ఫోన్ చేసింది. చాలా మర్యాద గల మనిషి. అటూ ఇటూ తిప్పి చివరికి అసలు మాట అడిగింది.

"మీ చెల్లెలు బాగా నడుపుతుందండీ, అందులో సందేహం లేదు. కానీ ఇంజన్లు నిలవనివ్వదని ట్రాక్ దగ్గర అందరూ అంటున్నారు. కట్టేది మీరే కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నా. నిజమేనా?"

"కాస్త దూకుడండీ," అన్నాను.

"గేర్ల దగ్గరా?"

"గేర్ల దగ్గర."

థాంక్స్ చెప్పి పెట్టేసింది. నేను అబద్ధమేం చెప్పలేదు. నాకు తెలిసింది చెప్పాను. చెల్లెలు కదా అని దాచిపెడితే రేపు వాళ్ళ ఇంజన్ పోతే నా పేరేం కాను. దూకుడు అన్నాను, అంతే. దూకుడు మంచి మాటే. కుర్రతనం ఉన్నవాళ్ళని అందరూ అలాగే అంటారు.

జూలై 3

మంచి మాటే.

జూలై 5, శనివారం

చెల్లి ఇంటికొచ్చింది. నాతో కాదు, వాళ్ళ వదినతో మాట్లాడటానికి. వంటింట్లో ఇద్దరూ. నేను హాల్లో పేపరు పట్టుకుని కూర్చున్నాను. ఒక్క అక్షరం చదవలేదు.

"స్కూల్లో కొత్తగా చేరినావిడ మొదటి క్లాసులోనే అడిగింది వదినా, మీరేనా గేరమ్మ అంటే అని. వేరే టీచర్ని ఇవ్వమని ఆఫీసులో చెప్పిందట."

మా ఆవిడ ఏదో అంది, వినబడలేదు.

"అది పోనీ. పచ్చ జట్టావిడ ఫోన్ చేసి, ఈ ఏడాదికి కష్టం అంది. ఎందుకని అడిగితే, మీ అన్నయ్యగారే చెప్పారండీ అంది. పోటీవాళ్ళు చెప్తే నమ్మేదాన్ని కాదు, కట్టినాయనే చెప్పాక ఇంకేముంది అంది."

వంటింట్లో కొళాయి కారుతున్న చప్పుడు. ఆ వాషర్ కూడా నేను మార్చలేదు.

చెల్లి బయటికొచ్చి నా ఎదురుగా నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడ్చి ఉంటే ఓదార్చి పంపేసేవాణ్ణి.

"రేపు పొద్దున షెడ్డుకొస్తా. సందు కొలిచానన్నావుగా, నా కళ్ళముందు ఒక్కసారి కొలిచి చూపించు. ఉంటే ఇక ఎప్పుడూ నోరెత్తను. నీ కారు కూడా ఎక్కను."

"రా. చూద్దువుగాని," అన్నాను.

జూలై 6, ఆదివారం

వంగిన పుష్ రాడ్ తీసి కొత్తది వేసి, తనకి చూపించడానికని తీరిగ్గా అన్నీ సర్దాను. ఫీలర్ గేజ్ తుడిచి బల్ల మీద పెట్టాను. చెల్లి నోరు మూయించాలని ఎంత సరదాగా ఉన్నానో ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తోంది.

ఇంజన్ చేత్తో తిప్పాను. మొదటి వాల్వు లేస్తోంది. చివర్లో చెయ్యి బరువెక్కింది. "గట్టి స్ప్రింగులు," అన్నాను. వాల్వు పూర్తిగా లేచింది. రేకు తీసి చుట్టల మధ్య పెట్టాను.

దూరలేదు.

కోణం మార్చి పెట్టాను. దూరలేదు. ఇంకా పల్చటి రేకు తీశాను. దూరలేదు. అన్నిటికన్నా పల్చటిది, గాలికి వణికేది, అది కూడా అంచు మడతపడిందే తప్ప లోపలికి పోలేదు. చుట్టలు ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉన్నాయి, గిన్నెలు బోర్లించి పేర్చినట్టు. అక్కడ స్ప్రింగు లేదు, ఇనప దిమ్మె ఉంది. క్యామ్ ఇంకా పైకి తోస్తోంది. అది వెళ్ళడానికి చోటెక్కడ.

"వాషర్లు వేశాను కదా, వాటివల్ల," అన్నాను. వాషర్లు తీశాను. మళ్ళీ తిప్పాను. ఈసారి పల్చటి రేకు సగం దూరి ఆగింది. ఈ సందు చాలదు. ఈ మాత్రం సందుతో ఇంజన్ నిండుగా తిరిగితే చుట్టలు కొట్టుకోక ఏం చేస్తాయి. మెరిసింది అందుకే. జూన్ పదిహేడున నా చేతిలో పెట్టుకుని చూశాను ఆ మెరుపుని.

"నువ్వు ముందు కొలిచినప్పుడు దూరింది కదా?" అంది చెల్లి. గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే అడుగుతోంది.

"దూరింది. ఆడింది కూడా."

"తర్వాత ఏం మార్చావు?"

రాకర్ల వైపు చూశాను. ఎక్కువ తోసే రాకర్లు. మొదటిసారి విరిగేనాటికి క్యామ్ అదే, స్ప్రింగు అదే, వాల్వు లేచే ఎత్తు మాత్రం పెరిగింది. పెరుగుతుందా అని ఎగతాళిగా రాసుకున్నాను ఇక్కడే, ఈ పుస్తకంలోనే. పెరిగింది.

"రాకర్లు," అన్నాను.

"కొలవకముందా, కొలిచాకా?"

"కొలిచాక."

ఇక ఏమైనా అంటుందని కాచుకున్నాను. ఎంత తిట్టినా పడదామనుకున్నాను. రేకులన్నీ ఒక్కొక్కటే తుడిచి, మడతపడినదాన్ని గోటితో సరిచేసి, ఫీలర్ గేజ్ మూసి బల్ల మీద పెట్టింది. సబ్బుతో చేతులు కడుక్కుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"నాకు చెప్పక్కర్లేదన్నయ్యా. నాకు ముందే తెలుసు. ఎక్కడ చెప్పావో అక్కడ చెప్పు."

జూలై 7

క్యామ్ మేస్త్రికి ఫోన్ చేశాను. నేను చెప్పడం అయ్యేదాకా ఆగి, "నేను చెప్పిన ఎత్తు పాత రాకర్లతో లేచే ఎత్తు నాయనా. ఆ వేళ అడగబోయాను, నీకు సిగ్నల్ పోయింది," అన్నాడు. ఆయన నిజంగానే సిగ్నల్ పోయిందనుకున్నాడు.

క్యామ్ గుబ్బ ఒకటి మూతి దగ్గర చెక్కేసినట్టు అరిగింది. ఇంకో క్యామ్ తయారుచేసి ఇస్తానన్నాడు. పాత రాకర్లే వేయమన్నాడు. డబ్బాలోంచి తీసి కడిగాను. బండగా ఉన్నాయి, బాగున్నాయి.

జూలై 8

మేనేజరమ్మకి ఫోన్ చేశాను. పొద్దున్నించి పది రకాలుగా అనుకుని, చివరికి ఉన్నదున్నట్టు చెప్పాను. రాకర్లు మార్చింది నేను, కొలవనిది నేను, చెల్లి గేరు ఒక్కసారి కూడా తప్పలేదు అని.

అంతా విన్నది. తర్వాత ఎంతో మెత్తగా అంది. "అర్థమైందండీ. ఇంట్లో వాళ్ళు బాధపడుతుంటే చూడలేరు కదా. మా అన్నయ్య కూడా అంతే, నాకోసం ఏదైనా చెప్పేస్తాడు."

"అలా కాదండీ, నిజంగానే..."

"మీలాంటి అన్నయ్య ఉండటం ఆవిడ అదృష్టమండీ."

ఫోన్ పెట్టేశాక షెడ్డులో కూర్చుని ఉండిపోయాను. ఒక్క మాట, దూకుడు, అది చెప్తే నోట్లోంచి రాగానే నమ్మింది. ఇది ఇంతసేపు చెప్తే నమ్మలేదు.

జూలై 12, శనివారం

ప్రాక్టీసు. కాంటీన్ నిండుగా ఉంది. నిలబడి అందరికీ వినబడేలా చెప్పాను. నాకు సభలో మాట్లాడటం చేతకాదు, చెవులు వేడెక్కిపోయాయి. రాకర్లు అన్నాను, చుట్టలు అన్నాను, సందు అన్నాను. తప్పు నాది, చెల్లిది కాదు అన్నాను.

పళ్ళ డాక్టరు లేచి నా భుజం మీద చెయ్యేశాడు.

"ఇంట్లో బాగా గడ్డి పెట్టినట్టున్నారే గురూ."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

"నేను నిజం చెప్తున్నాను డాక్టరు గారూ."

"తెలుసులే. చెల్లెల్ని ఆమాత్రం వెనకేసుకురాకపోతే అన్నయ్యవెలా అవుతావు? నీ పనితనం మాకు తెలీదా. కొలవకుండా నువ్వు కవరు మూస్తావా?"

మూశాను. మూశానని చెప్తే వినరే. ఇన్నేళ్ళుగా కూడబెట్టుకున్న మంచి పేరు వచ్చి చెల్లి మీద కూర్చుంది. కాఫీ తాగకుండా వచ్చేశాను.

జూలై 15

మీటరు విప్పి ఎర్ర ముల్లు బాగుచేశాను. ఒక చిన్న దుమ్ము నలుసు అడ్డం పడింది. అరగంట కూడా పట్టలేదు. ఇన్నాళ్ళూ.

జూలై 17

చెల్లి వచ్చింది. పిలవకుండానే. కొత్త క్యామ్, పాత రాకర్లు, వాషర్లు లేవు. కొలుద్దువుగాని రమ్మంటే, "నువ్వు తిప్పు, నేను రేకు పెడతా," అంది. అన్ని వాల్వులకీ తనే పెట్టి చూసింది. దూరిన ప్రతిసారీ "ఉంది," అంది. నాకు వేరే మాటలు అక్కర్లేకపోయాయి.

కవరు మూశాక అడిగాను. "జట్టువాళ్ళు మళ్ళీ ఏమన్నా..."

"వేరే అబ్బాయిని తీసుకున్నారు."

"నేను ఫోన్ చేశాను. చెప్పాను. కాంటీన్లో కూడా..."

"తెలుసన్నయ్యా. డాక్టరు చెప్పాడు, మీ అన్నయ్యది బంగారం లాంటి మనసని." పెదవి కొరుక్కుని నవ్వింది. నవ్వో ఏడుపో పోల్చుకోలేకపోయాను.

జూలై 20, ఆదివారం

ఆఖరి పోటీ. గోడ ఎక్కలేదు. కింద నిలబడి కళ్ళు మూసుకుని విన్నాను. మొదటి రౌండు నుంచి చివరి రౌండు దాకా ఇంజన్ గొంతు మారలేదు. చివర్లో పళ్ళ డాక్టరు మీదికొస్తే చెల్లి నాలుగు నుంచి మూడుకి వచ్చింది, నేను విన్నాను, వెన్నలో కత్తి దిగినంత మెత్తగా. ఆయన వెనకే ఉండిపోయాడు. చెల్లి గెలిచింది.

నేను పరిగెత్తుకెళ్ళి ముందు మీటరు చూశాను. ఎర్ర ముల్లు ఇంజన్ తట్టుకునే హద్దు గీతకి ఇవతలే ఉంది.

మేనేజరమ్మ అభినందించడానికి వచ్చింది. ఆవిడ చెయ్యి పట్టుకుని లాగినంత పని చేసి మీటరు చూపించాను. "చూడండి. గీత దాటలేదు. ఎప్పుడూ దాటలేదు."

వంగి శ్రద్ధగా చూసింది. "చాలా బాగుందండీ. కానీ ఇది ఈ రోజు సంగతి కదా చెప్తుంది." తర్వాత చెల్లి వైపు తిరిగింది. "మంచి నిలకడ వచ్చిందమ్మా నీకు. మీ అన్నయ్య గట్టిగా చెప్పడం మంచిదైంది. ఇలాగే నడుపు, వచ్చే ఏడాది తప్పకుండా చూద్దాం."

"థాంక్సండీ," అంది చెల్లి.

నేను నోరు తెరిచాను. చెల్లి నా మోచేతి మీద చెయ్యి వేసి నొక్కింది. చాల్లే అన్నట్టు.

కాంటీన్ ఆవిడ ట్రే పట్టుకుని కార్ల మధ్య తిరుగుతోంది. కొత్తగా చేరింది, పోయిన నెల నుంచే ఉంటోంది. ఎవరి మీదా ఎగతాళి లేని మనిషి. గెలిచిన వాళ్ళకి కాఫీ ఇవ్వాలని వెతుక్కుంటూ దూరం నుంచే పిలిచింది.

"గేరమ్మా, ఓ గేరమ్మా."

చెల్లి తల తిప్పింది. "ఆఁ, వస్తున్నా," అంది.

కాంటీన్ ఆవిడ చెల్లి అసలు పేరే అదనుకుంటోంది. నేను సరిచేయబోతే, "పోనీ అన్నయ్యా, కాఫీ చల్లారిపోతుంది," అని కప్పు అందుకుంది.

ఇంటికొచ్చాక ఇదంతా రాస్తున్నాను. చెల్లి గేరు తప్పలేదు. జూన్ పదిహేనున తప్పలేదు, ఇరవై తొమ్మిదిన తప్పలేదు. ఎంత వివరంగా కావాలంటే అంత వివరంగా రాయగలను. చదివేది నేనొక్కణ్ణే.